వరుసగా మూడుసార్లు

మార్చి 3

ఈ ఉదయం షెడ్డులో కారు మీది స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. బయటివాళ్లకు ఆకారం తెలియకూడదని ఒళ్లంతా నలుపు తెలుపు గీతల స్టిక్కర్ అంటిస్తారు. గోరంత రంగు బయటపడింది. ఇన్నాళ్లూ ఎరుపనుకున్నాను. తడిసిన బూడిద రంగు. ఎవరూ చూడకుండా వేలితో నొక్కి అంటించాను.

రెండు డోర్ల కూపే కారు. ఇంకా పేరు పెట్టలేదు. అందరూ ‘ఏడు’ అంటారు. మూడు సెకన్లలో వంద అందుకుంటుంది. మే నెలలో లాంచ్. దాని ఓనర్స్ మాన్యువల్ రాసేది నేను. పుస్తకాల పిచ్చిదానికి ఎవరూ చదవని పుస్తకం రాసే ఉద్యోగం దొరికింది. టెస్ట్ డ్రైవర్ మా బాబాయి. నన్నిక్కడ చేర్పించిందీ ఆయనే.

మార్చి 5

మా దగ్గరొక పద్ధతి ఉంది. మాన్యువల్‌లో ప్రతి వాక్యం నేను పైకి చదవాలి. బాబాయి అచ్చం అలాగే చెయ్యాలి. నేను రాయనిది చెయ్యకూడదు. ఇవాళ ‘సీటు వెనక్కి జరపండి’ అని చదివాను. కదలకుండా బొమ్మలా కూర్చున్నాడు. ఏ మీట లాగాలో చెప్పలేదు కదా తల్లీ, సీటు దానంతటది జరుగుతుందా అన్నాడు. మళ్లీ రాశాను. సరిపోయాక పేజీ నంబరు ఎదురుగా ఇద్దరం సంతకం పెడతాం.

కారు ఆగి ఉన్నప్పుడు చేసే పనులకే ఇలా కలిసి కూర్చుంటాం. ట్రాక్ మీదికి డ్రైవర్ తప్ప ఎవరూ వెళ్లకూడదు. పరిగెత్తించే పేజీలు బాబాయి ముందే విని వెళ్తాడు.

మార్చి 11

బాబాయి ట్రాక్ నుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. గంటకు 250 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా బ్రేక్ వేస్తే మూడుసార్లు బాగానే ఆగుతోందట. నాలుగోసారి పెడల్ కాలికింద బురదలా దిగిపోతోందట. ఇంజనీర్లు లెక్కలు చూశారు. ఆ భాగం మార్చాలంటే ఎనిమిది నెలలు పడుతుంది, మాన్యువల్‌లో ఒక మాట రాసేస్తే సరి అన్నారు.

రాశాను. పేజీ 212. ‘250 దాటిన వేగం నుంచి వరుసగా మూడుసార్లు గట్టిగా బ్రేక్ వేశాక, పది నిమిషాలు నెమ్మదిగా నడపండి.’ కాన్వెంటులో సిస్టర్ చూసినా ఎర్ర పెన్ను తీసేది కాదు.

బాబాయి రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాడు.

“ఆ మూడు అన్న మాట మాత్రం ఎవరడిగినా తియ్యకు తల్లీ” అన్నాడు.

మార్చి 19

సెక్షన్ హెడ్ పిలిచారు. ఎప్పుడూ గొంతు లేవదు కాబట్టి మేమాయన్ని, పేజీ అడుగున చిన్నక్షరాల్లా, ఫుట్‌నోట్ అంటాం. ఇంత పెద్ద కారు మూడు బ్రేకులకే అలిసిపోతుందని మనమే రాసుకుంటే పరువేం కావాలన్నారు. మ్యాగజైన్ వాళ్లు ముందు ఆ లైనే వేస్తారట. ‘మూడుసార్లు’ తీసి ‘పలుమార్లు’ అని పెట్టమన్నారు. బాబాయికి మళ్లీ చదివి వినిపించాలన్నాను. పేజీ నంబరు అదే, సంతకం అదే, మారింది ఒక్క మాటే కదా అన్నారు.

అరిస్తే ఎదురు చెప్పేదాన్నేమో. నాకు అరిచేవాళ్లంటే భయం. మెల్లగా మాట్లాడేవాళ్లంటే ఇంకా భయం.

4:10కి మార్చాను.

మార్చి 20

బాబాయికి చెప్పాలి.

మార్చి 22

వాళ్లింటికి వెళ్లాను. ఏమ్మా మహారాణీ, ఇల్లు గుర్తుందా అని పిన్ని దెప్పింది. తలుపు పక్కన కుర్చీలో గంటసేపు కూర్చున్నాను. బాబాయి షూ పాలిష్ చేసుకుంటూ ‘ఏడు’ మలుపు తిరిగే తీరు గురించి చెబుతూనే ఉన్నాడు. ఆయన మొహం అంత వెలగడం చాన్నాళ్ల తర్వాత చూశాను.

చెప్పలేదు.

మార్చి 24

రాయలేను.

మార్చి 27

హాస్పిటల్. కారు 24 ఉదయం ట్రాక్ చివరి గోడకు తగిలింది. బాబాయి కుడి తుంటి విరిగింది. మళ్లీ నడవడం వరకూ డాక్టర్ మాట ఇచ్చారు, నడపడం గురించి ఏమీ అనలేదు. పిన్ని గంజి తాగిస్తూ సాధిస్తూనే ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ గోడ అక్కడే ఉంది కదా, ఇప్పుడే ఎదురొచ్చిందా అని. గ్లాసు కడగడానికి ఆమె బయటికెళ్లగానే బాబాయి నావైపు తిరిగాడు.

“ప్రింటులో మూడు లేదు. నువ్వు తీసేశావంటే, బాగుచేసే ఉంటారనుకున్నాను.”

గొంతులో కోపం లేదు. అది భరించడమే నా వల్ల కాలేదు.

ఏప్రిల్ 2

ప్రమాదం మీద కమిటీ కూర్చుంది. డ్రైవర్‌కు హద్దు తెలుసు, సంతకం కూడా పెట్టాడు, అయినా నాలుగోసారి బ్రేక్ వేశాడు, కాబట్టి తప్పు డ్రైవర్‌దే అన్నారు. ఆయన ట్రాక్ లైసెన్స్ శాశ్వతంగా రద్దు చేస్తారట. బ్రేకుల్లో లోపం లేనట్టే.

లేచి నిలబడ్డాను. సంతకం అయ్యాక ఆ మాట మార్చింది నేనని చెప్పాను. వినపడలేదన్నారు. మళ్లీ చెప్పాను. ఫుట్‌నోట్ గోళ్లు చూసుకుంటున్నారు.

మార్చిన పేజీని డ్రైవర్ చూశాడా అని అడిగారు. చూశాడన్నాను. బాబాయి ఇచ్చిన స్టేట్‌మెంట్ తీసి చదివారు. ‘మార్చిన పేజీ ఏదీ చూడలేదు, కారులో ఒంటరిగా ఉన్నాను, నా సరదా కొద్దీ నాలుగోసారి వేశాను.’ కింద సంతకం. ఆయనే ఇలా చెబుతుంటే మీ మాటకు ఆధారమేమిటన్నారు.

9న తుది నిర్ణయం. ఆ బ్రేకులతోనే మేలో లాంచ్.

ఏప్రిల్ 4

అలా ఎందుకు చెప్పావని బాబాయిని అడిగాను. కిటికీ వైపు తిరిగాడు. ఇంట్లో ఒక్కరి ఉద్యోగం పోతే చాలన్నాడు. పిన్ని నన్ను చూసి, నీకేమైందే, నీకే దెబ్బ తగిలినట్టు అలా కుంగిపోయావు అంది.

ఏప్రిల్ 8, సాయంత్రం 6

నాలుగోసారి బ్రేక్ వేసే ముందు, బాగుచేశారు కదా అని బాబాయి నన్ను అడిగాడు. నేను చేతిలోని ప్రింటు పేజీ వంక చూస్తూ ఉండిపోయాను. గోడకు తగిలాక, ఎవరూ రాకముందే వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లిపోయాను.

రేపు పదింటికి కమిటీలో చెప్పాల్సిన వాక్యం:

ఆ ఉదయం పక్క సీట్లో నేనున్నాను.