ఒక్క టిక్కు దగ్గర

కిరణ్,

జూలైలో రోడ్ ట్రిప్ ఖాయమైంది. నువ్వు గీసిచ్చిన దారే. మాగ్డెబర్గ్‌లో బయలుదేరి, హార్జ్ కొండల మీదుగా బోడెన్‌సే సరస్సు దాకా. కారు నేనే నడుపుతాను. మనలో జర్మన్ లైసెన్స్ నీకొక్కడికే ఉండేది కదా, నాకు మూడోసారికి వచ్చింది. రైస్ కుక్కర్ దివ్య తెస్తానంది.

నువ్వు పోయి పది నెలలైంది. మన వాట్సాప్ గ్రూపులో ఏం పెట్టినా ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతోంది. నీ ఫోన్‌కి కూడా చేరితేగానీ రెండోది పడదు. నిన్ను అందులోంచి తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

నిన్న మహేష్ ఫోన్ చేశాడు.

"అరే, హోటళ్లు బుక్ చేసేదుంది. మెసేజ్ ఎవరు చూసిన్రో, ఎవరు చూడలేదో తెలుస్తలేదు. ట్రిప్‌కి వేరే గ్రూపు పెడ్దామా?"

"పెట్టు," అన్నాను.

నీ పేరు నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

సాయంత్రం కొత్త గ్రూపులో మొదటి మెసేజ్ నేనే పెట్టాను. "కారు బుక్ అయింది. ఐదు సీట్లది."

నిమిషం కాకముందే రెండు టిక్కులూ పడి నీలంగా మారాయి. అందరూ చూసేశారట.