డబ్బా పాతదన్నాను బావా

బావా, బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే సంవత్సరికం పెట్టాం. అక్క బాగానే ఉంది, మోకాళ్ల నొప్పులు మామూలే. పాప డిగ్రీ రెండో ఏడాదికి వచ్చింది. నేనే... నేనే బాగాలేను. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

నీ బస్సు పాడు చేశాను బావా.

అదే, నువ్వు కండక్టరుగా తిరిగిన కడప-రాజంపేట ఎర్రబస్సు బొమ్మ. ప్లాస్టిక్ షీటు కోసి, అతికించి, జానెడు పొడుగున చేశావే, అది. ఒళ్లంతా ఎర్ర ఎనామిల్ వేశావు. కిటికీల కింద పసుపు పట్టీ గీశావు. నెత్తిన బోర్డు మీద ఊపిరి బిగబట్టి సన్న కుంచెతో 'రాజంపేట' అని రాశావు. ఇక వాష్ ఒక్కటే మిగిలింది. ఆ లోపలే నీ గుండె ఆగిపోయింది.

వాష్ అంటే సబ్బు పెట్టి కడుగుతావా అని నేను నవ్వితే ఎంత కోపం వచ్చిందో నీకు! "కడిగేది కాదురా నాయనా. పల్చటి నల్లరంగు. తలుపు సందుల్లోకి, మేకుల సుట్టూ పారి నిలుస్తాది. అప్పుడు సూడు, బొమ్మ పోయి బస్సు అయితాది" అన్నావు.

సంవత్సరికం నాడు దాన్ని నీ ఫోటో పక్కన పెట్టాలని పాప ఆశపడింది. వాష్ తనే వేస్తానంది. నేను ఊరుకోవచ్చు కదా? లేదు! బైపాసు దగ్గర షెడ్డు పెట్టుకుని లారీలకు రంగు కొట్టేవాణ్ణి, జానెడు బస్సు నాకొక లెక్కా అన్నాను. పాప చేతిలోంచి తీసుకుని షెడ్డుకు పట్టుకుపోయాను.

నల్ల ఎనామిల్ కొంచెం తీసుకుని, లారీలకు వాడే థిన్నర్ పోసి పల్చగా కలిపి, పైనుంచి కిందికి పూశాను. బాగా పారింది. సందుల్లోకి దిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. టీ తాగి వచ్చి చూస్తే... ఎర్ర రంగంతా బొబ్బలెక్కి లేచింది. తుడవబోతే పసుపు పట్టీ గుడ్డకు అంటుకుని వచ్చేసింది. బోర్డు మీద నీ అక్షరాలు... ఏం చెప్పను బావా? ఒక్కటి మిగల్లేదు.

నువ్వు చెప్పలేదా? మా షెడ్డు బల్ల మీద కూర్చుని ఎన్నిసార్లు చెప్పావు! "ఒగే థిన్నర్‌కు కరిగేటివి ఒగదానిమింద ఒగటి పడగూడదు బామ్మర్దీ. కింద ఎనామిల్ ఉంటే పైన నీళ్ల రంగుతో వాష్ ఎయ్యి. నూనె రంగే కావల్లంటే, మధ్యన నీళ్ల వార్నిష్ పొర ఒగటి కొట్టి బాగా ఆరనీ. మీ లారీ థిన్నర్ అయితే వాసన గూడా తగలనీయాకు, ప్లాస్టిక్కే కరిగిపోతాది." ఇనుప రేకు మీద బతికేవాడికి ఈ సంగతులన్నీ ఎందుకులే అనుకున్నాను. తల మాత్రం ఊపాను.

అయినా చెయ్యి తప్పడం ఎవరికైనా ఉన్నదే. దానికి ఇంత సిగ్గుపడను. ఆ తర్వాత అన్న మాట ఉంది చూడు...

రంగు లేచిందని లారీ ఓనరు కొట్లాటకు వస్తే మా షెడ్డులో చెప్పే మాట ఒకటే. డబ్బా పాతదప్పా, మేమేం చేస్తాం! నువ్వు ఎన్నిసార్లు ఎగతాళి చేశావు. "మీ షెడ్డులో చెయ్యి ఎప్పుడూ మంచిదే, డబ్బానే పాతది. ఆ ముక్క గోడమింద రాపిచ్చుకోరాదా?" అని.

బస్సును తెచ్చి అక్క ముందర, పాప ముందర, వచ్చిన బంధువుల ముందర పెట్టినప్పుడు ఆ మాటే నోట్లోంచి ఊడిపడింది. బావ వాడిన డబ్బా పాతదమ్మా, అందుకే లేచిందీ అని. నీ మీద వేశాను బావా! నువ్వు తిరిగి మాట్లాడలేవనా? ఏమో... అక్క నీ ఫోటో వైపు చూసి, ఈయన ఎప్పుడూ ఇంతే, పాతది పారేయడు అని నిట్టూర్చింది. నేను కాదనలేదు. నీ పేరున పెట్టిన అన్నమే తిన్నాను. ఇంకో వడ అడిగి మరీ వేయించుకున్నాను.

నిన్న ఇంటికి పోతే, పాప నీ రంగు సీసాలన్నీ గోనెసంచిలో వేస్తోంది. పాతబడిపోయాయి కదా మామా, ఇంకెందుకు అంది. వాటితోపాటు తను ముందుగా వేసి చూసుకున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి కూడా పడేసింది. తీసి చూశాను. ఎర్ర ఎనామిల్ మీద నీళ్ల రంగుతో వాష్ వేసి ఉంది. ఎక్కడా ముడత లేదు, బొబ్బ లేదు. సందుల్లో చక్కగా నిలిచింది. నువ్వు నేర్పిందంతా పాపకు వచ్చు బావా! నేను ఒక్క మాటతో అంతా చెత్త చేశాను.

అప్పుడైనా నోరు తెరిచానా? చెత్తబండికి నేనే వేస్తాలే అని సంచి భుజాన వేసుకుని వచ్చేశాను. ఇప్పుడు షెడ్డులో నా కాళ్ల దగ్గరే ఉంది. "నీకు రోషం ఎక్కువ, సిగ్గు తక్కువ" అనేవాడివి. నీకంటే నన్ను ఎరిగినవాళ్లు ఎవరున్నారు?

రేపు ఆదివారం. ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. సంచి తీసుకుపోయి పాప ముందు పెడతాను. మీ నాయన రంగులు మంచివేనమ్మా, పాడు చేసింది నేను, అబద్ధం చెప్పింది కూడా నేనే అని అక్క వింటుండగా చెబుతాను. ఆ రోజు వచ్చిన బంధువులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. బస్సుకు మళ్లీ రంగు వేసేది పాపే, బోర్డు మీద ఊరి పేరు రాసేదీ పాపే. నేను కుంచె ముట్టను, ఒట్టు.

ఆ తర్వాత పాప నన్ను మామా అని పిలవకపోయినా పడతాను బావా. నాన్నను మాత్రం మళ్లీ నమ్మాలి.

నీ బామ్మర్ది