అతుకు దగ్గర పోయిన వాక్యం

నవంబర్ 16, ఆదివారం
సాయంత్రం నాలుగు గంటలు

చిరంజీవి చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నా అలవాటు. ఉభయుల్లో ఒకరు సస్పెండై ఇంట్లో కూర్చుని ఉంటే ఆ మాట ఎలా రాయను? అందుకని నేను తింటున్నాను, తిరుగుతున్నాను అని మాత్రం రాస్తున్నాను. నువ్వెలా ఉన్నావో తెలియదు. ఈ పన్నెండు రోజుల్లో మా అమ్మాయి చేత నీకు ఇరవైసార్లు ఫోన్ చేయించాను. నువ్వు ఎత్తలేదు. నీ స్థానంలో నేనుంటే ఎత్తి, నాలుగు దులిపి మరీ పెట్టేసేదాన్ని. నీకు ఆ నోరు లేదు, నీతో వచ్చిన చిక్కే అది.

ఈ ఉత్తరం కూడా మా అమ్మాయే తెస్తుంది. తలుపు తీయకపోతే కిటికీలోంచి లోపల పడేసి రమ్మన్నాను. చింపేసేముందు ఈ ఒక్క సంగతి చదువు. కార్యదర్శిగారు నీకు పంపిన కాగితం మీద సంతకం పెట్టకు. నా అజాగ్రత్త వల్ల సాక్షి చెప్పిన వాక్యం ఒకటి నమోదు కాలేదు, అందుకు బాధ్యత వహించి రాజీనామా చేస్తున్నాను అని ఉంటుంది అందులో. రేపు సాయంత్రం అయిదులోగా ఇస్తే విచారణ గొడవ లేకుండా మర్యాదగా పంపించేస్తామని కూడా చెప్పి ఉంటారు. ఆయన మర్యాద నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎంత ఒత్తిడి పెట్టినా పెట్టకు.

రేపు పదకొండింటికి శాసనసభ కమిటీ ముందుకు రమ్మని నాకూ పిలుపు వచ్చింది. సాక్షిగా. ఇన్నేళ్ళు ఆ గదిలో ఎవరెవరో చెప్పిందంతా రాసుకున్నదాన్ని, రేపు ఆ కుర్చీలో కూర్చుని నేను చెప్పాలి, ఇంకెవరో రాసుకోవాలి. నీకు తెలిసిన సంగతులే అయినా మొదటినుంచీ రాస్తాను, విసుక్కోకు. రేపు చెప్పాల్సింది ఒకసారి కాగితం మీద పెడితే గానీ నా బుర్ర కుదురుకోదు.

అక్టోబర్ ఇరవై తొమ్మిదిన ఆ గది ఎలా ఉందో గుర్తుందా? తలుపులు మూసేశారు. లోపలి సంగతి బయటికి పొక్కకూడదని మైకులు, రికార్డింగ్ ఆపేయించారు. ఇక ఆ గదిలో మాట నిలవాలంటే మన పెన్సిళ్ళలోనే నిలవాలి. ఏటి గట్టు వెంట ప్రభుత్వం పాతించిన పంతొమ్మిది సైరన్ల గురించి విచారణ. ఆగస్టులో వరద వచ్చిన రోజు వాటిలో నాలుగే మోగాయి. దిగువ వీధిలో పదకొండు మంది పోయారు. అంత డబ్బు పోసి కొన్నవి ఎందుకు మోగలేదు, మోగవని ఎవరికి ముందే తెలుసు అన్నది కమిటీ తేల్చాలి. ఆ సైరన్లు పెట్టించిన శాఖ డైరెక్టరు అంతకుముందు రోజే వచ్చి, సైరన్ల మెకానిక్కు తనకు ఒక్క ముక్క కూడా చెప్పలేదని హాయిగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు మెకానిక్కు వంతు.

పాపం, ఆ మనిషి కుర్చీ అంచునే కూర్చున్నాడు. అధ్యక్షుడు సరిగ్గా కూర్చోండి అని రెండుసార్లు చెప్పినా కదల్లేదు. రుమాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. సభ్యులు ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే జవాబు సగంలో ఉండగానే ఇంకొకరు అందుకునేవారు. నాకు పెన్సిల్ ముక్కు రెండుసార్లు విరిగింది.

మన పని గురించి నీకు నేర్పినదాన్ని నేనే. పది నిమిషాలకొకరం షార్ట్‌హ్యాండ్‌లో రాస్తాం. వచ్చేవాళ్ళు బల్ల మీద రెండుసార్లు తడతారు, వెళ్ళేవాళ్ళు లేస్తారు. తట్టేసరికి సాక్షి వాక్యం మధ్యలో ఉంటే, ఆ వాక్యం వెళ్ళేవాళ్ళదే. పూర్తయ్యేదాకా రాసి గానీ లేవకూడదు. తరవాత టైపు గదిలో ఇద్దరూ అతుకు చూసుకోవాలి, అంటే వెళ్ళినవాళ్ళ చివరి వాక్యం, వచ్చినవాళ్ళ మొదటి వాక్యం పక్కపక్కన పెట్టి పైకి చదువుకోవాలి. ఆ రోజు మనం చూసుకోలేదు.

సాక్ష్యం ప్రతి సరిచూసుకోమని పంపితే మెకానిక్కు దాని పక్కన ఖాళీలో తన చేతిరాతతో ఒక వాక్యం రాసి పంపాడు. తడి తగిలితే ఇవి మోగవని మే నెలలోనే రాసి, ఆ కాగితం డైరెక్టరుగారి చేతికే ఇచ్చానండీ, అని. ఇది నేను ఆ రోజు చెప్పాను, ఇందులో లేదు, చేర్చండి అన్నాడు. రిపోర్టరు పుస్తకంలో లేనిది చేర్చడానికి నిబంధన ఒప్పుకోదు. దాంతో మన ఇద్దరి పుస్తకాలూ తెప్పించారు. నా పుస్తకంలో ఆఖరు గీత, మరి ఈ సంగతి మీరు ఎవరికైనా చెప్పారా అన్న సభ్యుడి ప్రశ్న. నీ పుస్తకంలో మొదటి గీత, మొత్తం సైరన్ స్తంభాలు ఎన్ని అన్న ఇంకో సభ్యుడి ప్రశ్న. మధ్యలో ఆ మనిషి బతుకంతా ఉంది, అది మాత్రం ఎక్కడా లేదు.

సభ్యుల్ని అడిగారు. అధికార పక్షం వాళ్ళకి ఆ మాట అసలు వినపడలేదట, ప్రతిపక్షం వాళ్ళకి రెండుసార్లు వినపడిందట. అధ్యక్షుడు ఆ సమయంలో ఎవరి చెవిలోనో ఏదో చెబుతున్నారట. కార్యదర్శిగారు మనిద్దరినీ నిలబెట్టి అడిగారు. ఆ వాక్యం నేను విన్నాను సార్, కానీ నేను తట్టకముందే మొదలైంది, అది అక్క వాక్యం, అందుకే రాయలేదు అన్నావు నువ్వు. కళ్ళు నేలమీద పెట్టుకుని, నా మీద చాడీ చెబుతున్నదానిలా నలిగిపోతూ అన్నావు. తట్టిన చప్పుడు ముందే అయింది, వాక్యం తరవాతే మొదలైంది అన్నాను నేను. అదే రాసి సంతకం పెట్టాను.

ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నదాని మాట, మూడేళ్ళదాని మాట పక్కపక్కన పెడితే ఏది నెగ్గుతుందో చెప్పాలా? ఆ పైన మీ బాబాయి ఆ శాఖలో గుమాస్తా అని ఎవరో తవ్వి తీశారు. అంతే, కావాలనే వదిలేశావని, డైరెక్టరు మనిషివని కథ అల్లేశారు. మీ బాబాయి ఆ డైరెక్టరుని దూరం నుంచైనా చూసి ఉండడు. నేను ఆ మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది. కుక్కిన పేనులా నిలబడ్డాను. నువ్వు సంచీ సర్దుకుని వెళుతూ నా వైపు చూశావు. ఆ చూపు నన్ను ఇంకా వదల్లేదు.

మొన్న శుక్రవారం మెట్ల మీద మెకానిక్కు ఎదురయ్యాడు. ఏదో అర్జీ ఇవ్వడానికి వచ్చాడట. తప్పించుకు పోదామనుకున్నాను, వీలు కాలేదు. మీ మీద నాకేం కోపం లేదమ్మా అన్నాడు. నేనా మాట చెబుతుంటే మీరు నా మొహంలోకే చూస్తున్నారు, ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు, ఈవిడ పుస్తకంలోకి ఎక్కేసింది, ఇక నాకు భయం లేదనుకున్నాను అన్నాడు. ఆయన ఉండేది ఆ దిగువ వీధిలోనేనట. పోయిన పదకొండు మందిలో ముగ్గురు పక్కింటివాళ్ళట. తెలిసి కూడా నోరు విప్పలేదని వీధిలో ఎవరూ పలకరించడం లేదట, ఆయన భార్య పంపు దగ్గరికి వెళితే బిందెలు తీసుకుని అందరూ పక్కకి జరుగుతున్నారట. నివేదికలో ఆ ఒక్క ముక్క ఉంటే తీసుకెళ్ళి వాళ్ళకి చూపించుకుంటానమ్మా అన్నాడు.

నివేదిక గురువారం సభలో పెడతారు. ఆ వాక్యం లేకుండా పెడితే తప్పంతా ఆయనదేనని అచ్చవుతుంది, ఆపైన కేసు. నువ్వా కాగితం మీద సంతకం పెడితే వాక్యం పోయిన సంగతి నీతోనే ముగిసిపోతుంది, ఇక ఎవరూ వెతకరు. అందుకే పెట్టకు అంటున్నాను. రేపు మధ్యాహ్నం దాకా ఆగు. అక్క మాట మీద ఇంకా ఏ మూలో కాస్త నమ్మకం మిగిలి ఉంటే ఆగు.

నువ్వు ఉద్యోగంలో చేరిన వారం గుర్తొస్తోంది. నీ గీతలు చూసి, ఇది రాతా, చీమలు సిరాలో పడి లేచాయా అన్నాను. నువ్వు ఏడవకుండా, ఏ చీమ తప్పుగా నడిచిందో చూపించక్కా అన్నావు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల నన్ను మించిపోతుందని. అది నాకు సంతోషంగానూ ఉండేది, కాస్త కడుపుమంటగానూ ఉండేది. ఇన్నాళ్ళకి చెబుతున్నాను.

వేళకి తిను. బెంగపెట్టుకోకు.

ఇట్లు,
నీ అక్క

తా.క. మా అమ్మాయి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. కవరు అంటించబోయి మళ్ళీ తీశాను. పైన రాసినవన్నీ జరిగినవే, కానీ అసలు సంగతి ఎగ్గొట్టాను. ఇదీ చదువు.

ఆ వాక్యం నాదే. నువ్వింకా కుర్చీ కూడా లాక్కోలేదు, అప్పటికే ఆయన మొదలుపెట్టాడు. నాకు వినపడలేదు. నా ఎడమ చెవి పోయి రెండేళ్ళయింది. కుడి చెవి ఏడాదిగా సగమే. సాక్షికి సూటిగా ఎదురుగా కూర్చుని పెదాలు చూసి రాస్తున్నాను. అందరూ నా ఏకాగ్రత అని మెచ్చుకుంటుంటే ఊరుకున్నాను. ఆ రోజు ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పాడు. రుమాలు కదలడం చూశాను, ఏదో చెబుతున్నాడని తెలుసు, ఏం చెబుతున్నాడో తెలియలేదు. అప్పుడే నువ్వు తట్టావు. తట్టిన చప్పుడు ముందే అయిందని సంతకం పెట్టాను కదా, ఆ చప్పుడు కూడా నాకు వినపడదే తల్లీ. బల్ల మీద అరచెయ్యి ఆనించుకుని అదురు పట్టుకుంటాను. లేచి వచ్చేశాను. టైపు గదిలో, అతుకు చూద్దామక్కా అని నువ్వు అడిగావు. సరిగ్గానే ఉంది, పో అన్నది నేను.

రిటైరవడానికి ఇంకో ఎనిమిది నెలలుంది నాకు. చెవిటిదని తెలిస్తే కవర్లు అంటించే గదిలోకి నెట్టేస్తారని, అందరూ జాలిపడతారని సిగ్గు. ఆ సిగ్గు కోసం నిన్ను బలిపెట్టాను. క్షమించమని అడగను, అడిగే ముఖం నాకు లేదు.

ఆ వాక్యం ఎవరి వంతో ఆ రిపోర్టరు వచ్చి ఒప్పుకుంటే, విన్నవాళ్ళ మాట మీద అధ్యక్షుడి సంతకంతో దాన్ని చేర్చవచ్చు. నిబంధనల పుస్తకంలో ఆ పేజీ మడత పెట్టుకున్నాను. రేపు ఒప్పుకుంటాను. నాకు వినపడలేదు, ఆ పిల్లకి వినపడింది, ఆ పిల్ల చెప్పిందే నిజం అని చెబుతాను.

ఒక్కటే భయం. వాళ్ళు పదిహేను మంది, మూడు వైపుల నుంచి అడుగుతారు. సగం ప్రశ్నలు నాకు అందవు. పొరపాటున దేనికో అవునని తలూపానంటే మెకానిక్కు పని అంతే. సాక్షి తన పక్కన ఒకరిని సాయంగా కూర్చోబెట్టుకోవచ్చు, సస్పెండైనవాళ్ళు కూర్చోకూడదని ఎక్కడా లేదు, రెండుసార్లు చూశాను. ప్రశ్న ప్రశ్నకీ కాగితం మీద రాసి నాకు చూపించే మనిషి కావాలి. నా కళ్ళు ఇట్టే చదవగలిగేది ఒక్క నీ గీతల్నే. పదిన్నరకి పక్క మెట్ల దగ్గర నిలబడి ఉంటాను. రాకపోయినా లోపలికి వెళతాను.