అమ్మ ఊఁ కొట్టింది

2008 డిసెంబరు, ఆదివారం రాత్రి, ఏలూరు

పొద్దున్నే మైసూరు నుంచి వచ్చి రైలు దిగాం. రోజంతా బట్టలు ఉతకడంతోనే సరిపోయింది గానీ మనసింకా ఆ ప్యాలెస్‌లోనే ఉంది.

అక్కడ చెవులకు పెట్టుకునే యంత్రం ఇస్తారు. ఒక్కో గదిలో ఒక్కో నంబరు నొక్కితే ఆ గది కథ వినిపిస్తుంది. తెలుగులో కూడా ఉందంటే అమ్మకొకటి తీసుకున్నాను. దర్బారు హాల్లో తిరిగి చూస్తే, అమ్మ మాట మాటకీ ఊఁ కొడుతోంది. పక్కవాళ్ళు నవ్వుతున్నారు.

"అమ్మా, అది రికార్డింగు. ఆయనకి వినపడదు" అన్నాను.

"పాపం అంతలా చెప్తుంటే పలక్కపోతే ఏం బాగుంటుందమ్మా" అంది.

నాన్న కలిదిండి చేపల చెరువుల దగ్గర్నుంచి వచ్చి, అన్నం తింటూ ఆ రోజు కబుర్లన్నీ చెప్పేవారు. అమ్మ ఎదురుగా కూర్చుని ఇలాగే ఊఁ కొట్టేది. ఆయన పోయాక ఆ ఊఁ మళ్ళీ వినడం ఇదే.

యంత్రం తిరిగి ఇచ్చేస్తుంటే, "అప్పుడే అయిపోయిందా?" అంది.

ఇందాక భోజనాల దగ్గర, ఎప్పుడూ లేనిది, నేనూ ఆఫీసు సంగతొకటి మొదలుపెట్టాను. మొన్నటి లిఫ్టు గొడవ. ఊఁ అంటుందేమోనని మధ్యలో కాస్త ఆగాను కూడా.

అమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"