చంద్రిక గొంతు

బెంగళూరు

ప్రియమైన అక్కకు,

బావ, పిల్లలు కులాసానా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మా ఆఫీసు వాళ్లు నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టించారు. అది ఏమేం వింటుందో ఎవరికీ తెలియదు.

నా పని గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బీమా డబ్బు కోసం జనం ఫోన్ చేస్తారు. మేం "లేదు" అనకూడదు, "చూస్తాం" అనాలి. అవతల ఏడుస్తుంటే ఓదార్చాలి, కానీ త్వరగా ఓదార్చాలి. కుర్చీలోంచి లేస్తే తెర మీద నా పేరు ఎర్రబడుతుంది.

ఇంతమందిలో నన్నే ఎంచుకున్నారు. నా గొంతును యంత్రానికి నేర్పారు, ఇక అదే జనంతో ఫోన్‌లో మాట్లాడుతుందట. మా మేనేజర్ శశికుమార్‌ది మన అనంతపురం పక్క రాప్తాడే. "నీ మాటలో మన సీమ ఉండాది చంద్రికా. నువ్వు కాదన్నా జనానికి కోపం రాదు" అన్నాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి చదివించారు. అన్నా, అత్తా అని పిలవడం, సముదాయించడం, దుఃఖం ఆపుకుంటున్నట్టు మధ్యలో ఆగడం కూడా.

జీతం పెరిగింది. సంతోషమే. కానీ ఆ గదిలోంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

నీ చెల్లి,
చంద్రిక

బత్తలపల్లె

చిట్టి చెల్లికి,

జీతం సంగతి విని బావ ఊరంతా చెప్పాడు.

పక్కింటి ఎర్రన్న మామ బోరు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడని నీకు తెలుసు కదా. ఆయన బీమా మీ కంపెనీదే. ఆయన భార్య తిమ్మక్కత్తకు డబ్బు రాదని కాగితం పంపారు. అభ్యంతరముంటే ఈ నెలలోనే ఆఫీసుకొచ్చి చెప్పాలట. రమ్మంటే తిమ్మక్కత్త కదలడం లేదు.

"మీ చెల్లెలు దినామూ ఫోన్ చేస్తాండాది ప్రసూనా. 'ఎండలో ఆఫీసుకు రావద్దు అత్తా, నేను చూసుకుంటా' అంటాండాది. కన్నకూతురైనా అంత బాగా మాట్లాడదు" అంటోంది.

నాకు ఒక్క ఫోన్ చేయవు గానీ ఆమెకు రోజూ చేస్తావా? సరేలే. అయితే గడువు దాటిపోతుంటే ఆమెను ఎందుకు ఆపుతున్నావు?

ప్రేమతో,
ప్రసూనక్క

బెంగళూరు

అక్కా,

నేను తిమ్మక్కత్తకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

నీ ఉత్తరం పట్టుకుని శశికుమార్ దగ్గరికి వెళ్లాను. "ఆ గొంతు ఆపండి అన్నా" అన్నాను. ఆయన తలెత్తలేదు. "అది నీ గొంతు కాదు, కంపెనీది. నువ్వే రాసిచ్చినావు. నువ్వు పోయినా అది ఈడే ఉంటాది" అన్నాడు. అక్కడికక్కడే రాజీనామా ఇచ్చేశాను.

అత్తను వెంటనే అనంతపురం తీసుకెళ్లు. ఆఫీసులో ఫిర్యాదు చేతికిచ్చి రసీదు తీసుకో. నేను సాక్ష్యం చెబుతాను. ఇక ఫోన్‌లో నా గొంతు వినిపిస్తే నమ్మకండి. నీకు చేసినా సరే.

గది ఖాళీ చేసి వస్తున్నాను.

చంద్రిక

బత్తలపల్లె

చంద్రీ,

నువ్వు బయలుదేరేలోపు ఇది అందితే బాగుండును.

నువ్వు చెప్పినట్టే ఫిర్యాదు ఇచ్చి వచ్చాం. బస్సులో అత్త నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది.

"చంద్రిక చేసినాది. కేసు వద్దులే అత్తా, మామ పేరు ఆఫీసుల్లో నలుగుతాది అనె. నిజమే కదా. సరే అంటి" అంది.

ఆ సరేతోనే ఫిర్యాదు ముగిసినట్టు ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. అది మిషను, చంద్రిక కాదు అని ఒట్టేశాను. ఆమె నన్ను జాలిగా చూసింది. "నువ్వు చదివితే అది నీ మాట ప్రసూనా. నేను ఆ యమ్మి మాటే విన్యాను. నా కోసరం ఏడ్చినాది కూడా" అంది.

తొందరగా రా. ఆమె ఎదుట కూర్చుని మాట్లాడు. కానీ చెల్లీ, నువ్వు రాజీనామా చేసి ఇంటికి వస్తున్నావని చెప్పినప్పుడు ఆమె ఏమందో తెలుసా? "ఎవురో చంద్రిక పేరు చెప్పుకోని ఇంటికొస్తారంట, తలుపు తీయొద్దని ఆ యమ్మే చెప్పినాది" అంది.

నీ కోసం బస్టాండులో ఉంటాను.

అక్క