ముల్లు ఊగిన కారణం

మామయ్యగారికి నమస్కారాలు.

మీ అమ్మాయి అలిగి అక్కడికి రావడానికి కారణం నేను బాగుచేస్తున్న మీటరు. సన్నటి కరెంటును కూడా పసిగట్టేలా దాని సున్నితత్వం బాగా పెంచాను. అప్పట్నుంచి ముల్లు ఒకటే ఊగడం. "నీ నడకకే ఊగుతోంది, కాస్త మెల్లగా నడువు" అన్నాను. "ఇంతకన్నా మెల్లగా అంటే గోడ మీద పాకాలి" అని పెట్టె సర్దుకుంది.

తను వెళ్లి మూడు రోజులైంది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, ముల్లు మాత్రం ఆగలేదు. నిన్న జారిపడిన స్క్రూ కోసం బల్ల కిందికి వంగితే అసలు దొంగ దొరికాడు. నా కుడికాలు! నాకే తెలియకుండా బల్లను ఊపేస్తోంది.

తప్పు నాదేనని మీరే చెప్పి పంపించండి. ఆ కుడికాలిని కుర్చీకి కట్టేశాను.

అక్షరాలు వంకరపోయినందుకు మన్నించాలి. ఇప్పుడు ఎడమకాలు అందుకుంది.

మీ అల్లుడు