మోకాలికి తిండి

మావా,

నువ్వు పోయి ఏడాదైంది. మోకాళ్లు అరిగిపోతాయన్న వంకతో నేను గడప దాటలేదు. చోడవరం బజారులో మన మటన్ కొట్టుకు తాళం వేసే ఉంది.

నిన్న, ఫిజియోథెరపీ చదువుతున్న మన పద్మ పక్క కొట్టులో మేక మోకాలు కొనుక్కొచ్చి కోసింది. ఎముక కొసన, గాజులా ఉందని నువ్వు మురిసిపోయే ఆ తెల్లపొర చూపించింది.

“ఇది సగానికి మించి నీళ్లేనమ్మా. సన్నటి పోగులు, జిగురు ఆ నీళ్లని పట్టి ఉంచుతాయి. రక్తనాళాలు లేవు. అడుగేస్తే నొక్కుకుంటాది, ఎత్తితే కీలులో రసం పీల్చుకుంటాది. నువ్వు కూకుంటే దానికి తిండెలాగ?” అంది.

ఈరోజు నడిచే వెళ్లి కొట్టు తెరిచాను. నీలాగే బొటనవేలితో కీలు వెతికి కత్తి పెడితే, ఎముక చిట్లకుండా విడింది. నువ్వు కూర్చునే పీట తుడిచి పక్కన పెట్టాను. నిలబడే అమ్మాను.